జలగ చెప్పిన ఎక్కం

వంతు 212

తొట్టిలో జలగలు నూట నలభై. నీళ్ల రంగు తుప్పు. వాసన ఎప్పటిలాగే కుళ్లిన నత్తల కంపు. మేత పెట్టాను. మేత పెడుతున్నంతసేపూ ఎక్కాలు పైకి చదివాను. గవరమ్మ.

రోజుకొక వంతు, వంతుకి ఈ అయిదు ముక్కలు రాస్తే చాలని రూలు. కానీ ఈ పుస్తకం ఎవరూ చదవరు. లెక్కల పెద్ద త్రినాథరావు బాబు నెలకోసారి వచ్చి, ఎన్ని పేజీలు నిండాయో చూసి, సంతకం గీకి పోతారు. నేను చదివింది మూడో తరగతి దాకానే. అయినా రాస్తాను. నా భయాలు ఇంట్లో చెబితే మళ్లీ మొదలెట్టింది ముసల్ది అంటారు. పుస్తకం ఏమీ అనదు.

పదకొండేళ్లయింది ఈ పనిలో చేరి. అసహ్యం ఒక్క పిసరు తగ్గలేదు. ఎక్కాలు గబగబా అప్పజెప్పే పిల్లలు వారానికోసారి వస్తారు. ఎక్కాలు చదువుతూ వేలు గుచ్చుకుని గుడ్డ మీద చుక్కలు వేస్తారు. ఆ గుడ్డ తొట్టిలో వేస్తే జలగలు ఒకదాని మీద ఒకటి పడి పీలుస్తాయి. ఆ నెత్తురుతోపాటు ఎక్కాలు కూడా వాటి ఒంట్లోకి పోతాయట. తర్వాత వాటిని ఎక్కాలు రాని వాళ్ల చెవి వెనక అంటిస్తారు. ఇక ఎవరేం అడిగినా జవాబు నోట్లోంచి దానంతటదే ఊడిపడుతుంది. ఏడాదికి జలగ చస్తుంది. చచ్చినదాన్ని పీకేదీ నేనే, కొత్తది అంటించేదీ నేనే. పీకేటప్పుడు తడి గోడ మీంచి నత్తను లాగిన చప్పుడు వస్తుంది. అన్నం ముందు కూర్చుంటే ఆ చప్పుడే గుర్తొస్తుంది.

సముద్రం అడుగున బోర్లించిన గిన్నెలాంటి ఈ ఊళ్లో పూర్వం లెక్కలన్నీ యంత్రమే చేసేదట. ఒకసారి అది గాలి లెక్క తప్పింది. మూడో వరుస ఇళ్లలో అందరూ పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు. అప్పట్నుంచి ఇక్కడ యంత్రాన్ని నమ్మరు, మనిషి నోటినే నమ్ముతారు. పదేళ్లు నిండేసరికి ప్రతి పిల్లా, ఇళ్లకి గాలి పంపే గాలిచక్రం గది గుమ్మంలో నిలబడి ఇరవై ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒక్కటి తప్పినా చెవి వెనక జలగే, బతికున్నన్నాళ్లూ.

నా మనవరాలు నూకరత్నానికి ఇంకో పద్దెనిమిది వంతులకు పదేళ్లు నిండుతాయి. దానికి ఎక్కాలు నిలవవు.

వంతు 213

జలగలు, నీళ్లు, వాసన నిన్నటిలాగే.

పొద్దున ఆరు నాలుగులు ఇరవై నాలుగని దాని చేత నలభైసార్లు అనిపించాను. మధ్యాహ్నం అడిగితే నా మొహంకేసి చూసింది. మందబుద్ధి అందామంటే కాదు. గోడలో నీరు ఎక్కడ ఊరుతోందో చెవి ఆనించి చెప్పేస్తుంది. కథ ఒకసారి వింటే ఏడాది తర్వాత కూడా పొల్లుపోకుండా చెబుతుంది. ఒక్క ఎక్కాలే, నోట్లోకి పోయినవి పోయినట్టే కరిగిపోతాయి.

దాని తల్లి దాలమ్మ, నా కూతురు, గాలిచక్రం తిప్పుతుంది. చక్రం మనుషులందరికీ జలగ ఉండాలని ఈ ఏడు కొత్తగా రూలు పెట్టారు. మూడు నెలల క్రితం నా చేత్తోనే దాని చెవి వెనక అంటించాను. ఇవాళ చేపలు వడ్డించమన్నాను. ముగ్గురం, మనిషికి నాలుగు. మూడు నాలుగులు పన్నెండు అని ఠక్కున అంది. పళ్లెంలో ఉన్నవి పదే. పది వడ్డించాక కూడా దాని చెయ్యి ఆగలేదు. ఖాళీ పళ్లెంలోంచి ఇంకో రెండు తీసినట్టు తీసి, నూకరత్నం కంచంలో పెట్టినట్టు పెట్టింది. నూకరత్నం తన కంచం చూసింది, తల్లి వేళ్లు చూసింది.

 బయటికి పోయి కక్కుకున్నాను. దాలమ్మ వెనకాలే వచ్చి, చేపలు పాడయ్యాయేమోనమ్మా అంది.

వంతు 214

త్రినాథరావు బాబు వచ్చారు. ఈ ఏటి జలగలు ఎప్పుడూ లేనంత బలంగా ఉన్నాయి, నీ చెయ్యి మంచిదే అని మెచ్చుకున్నారు. ఆయన కూడా తన పాతది తీయించుకుని ఈ మందలోదే వేయించుకున్నారు. మాట్లాడుతుంటే చెవి వెనక అది ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. పలకరించేటప్పుడు మనిషి మొహం చూడాలంటారు. నాకు అదే కనిపిస్తుంది, ఏం చెయ్యను.

ఆయన మెచ్చుకుంటుంటే నేను తల దించుకుని తొట్టి అంచు కడగబోయాను. కారణం ఇక్కడే రాస్తాను, ఎలాగూ ఎవరూ చదవరు. పోయిన చలిలో పిల్లలందరికీ జ్వరాలొచ్చి ఎనిమిది వంతులు నెత్తురు రాలేదు. అప్పుడే పుట్టిన జలగపిల్లలు దారాల్లా వేలాడిపోయాయి. అవి చస్తే నన్ను పనిలోంచి తీసేస్తారని భయం వేసింది. నా చెయ్యే తొట్టిలో పెట్టాను. ఎనిమిది వంతులు నా నెత్తురే తాగి బతికాయి. రూలు ప్రకారం ఎక్కాలు పైకి చదువుతూనే పెట్టాను. నెత్తురు ఎవరిదైతేనేం, నెత్తురే కదా. అయినా పెద్ద వయసు నెత్తురు వాడకూడదని ఎక్కడైనా రాసుందేమోనని ఇప్పటికీ భయమే.

వంతు 216

బడిలో నూకరత్నం వేళ్ల మీద లెక్కపెడుతూ దొరికింది. వేళ్ల లెక్క ఇక్కడ బూతు కింద లెక్క. పది వేళ్లూ కలిపి తడిగుడ్డతో కట్టి ఇంటికి పంపారు. దారి పొడుగునా పిల్లలు, చేపపిల్లా చేపపిల్లా, రెక్కలేవే అని ఏడిపించారట. గుడ్డ విప్పేసరికి వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అచ్చం తొట్టిలోవాటిలా. నేను చూడలేకపోయాను.

దాలమ్మతో దెబ్బలాడాను. నీ కూతురి చేతులు చూడవే అన్నాను. చూసింది. పది వేళ్లు అంది. అంతే.

ఈ పిల్లకి జలగ అంటనివ్వను. ఎలాగో తెలియదు. అంటనివ్వనని మాత్రం రాస్తున్నాను.

వంతు 217

వంటింట్లో పారేసే ఆల్చిప్పలు కడిగి గంపెడు పోగుచేశాను. మంచం కింద పరిచాను. నోటికి రానిది కంటికైనా ఆనుతుందేమో అని.

నాలుగేసి చిప్పలు ఆరు వరుసలు పెట్టమన్నాను. పెట్టింది. ఎన్నని అడిగితే ఒక్కొక్కటే లెక్కపెట్టబోయి ఆగింది. తర్వాత దానంతటదే అయిదు వరుసలు ఒకపక్కకీ, ఒక వరుస ఇంకోపక్కకీ జరిపింది.

“అయిదోది నాకొచ్చు అమ్మమ్మా. అయిదు నాలుగులు ఇరవై. ఈ నాలుగూ పక్కన కలిపితే ఇరవై నాలుగు.”

దానికి రెండోదీ, అయిదోదీ, పదోదీ ఎప్పుడూ తప్పవట. మిగతావి వాటిలోంచి కోసుకుంటుందట. చీరలోంచి రవికెగుడ్డ చించినట్టు చెప్పింది. అరవై ఏళ్ల నుంచి ఎక్కాలు వల్లిస్తున్నాను. ఎక్కం లోపల ఇన్ని చిప్పలు ఉంటాయని నాకు ఒక్కరోజూ తట్టలేదు.

వంతు 220

ఎనిమిదో ఎక్కం దాకా వచ్చింది. ఇప్పుడు చిప్పలు పరవక్కర్లేదు, కళ్లు పైకెత్తి చూస్తుంది, మూడు ఊపిరుల్లో చెబుతుంది. పరీక్షలో మూడు ఊపిరుల గడువుంది. రెండు ఊపిరుల్లోకి దింపితే ఇంకా మంచిది. దగ్గొస్తే ఏం గతి. తుమ్మొస్తే.

మా వరుసలో అందరికీ తలనొప్పులు. ఆవలింతలు. చివరి ఇల్లు మాదే, మా దీపం అందరికంటే ముందు నీరసంగా ఊగుతోంది. గాజుకి పాచి పట్టిందేమోనని తుడిచాను. చేపల్లో ఏమైనా ఉందేమోనని రెండు పూటలు పస్తుంచాను. చక్రం సరిగ్గా తిప్పుతున్నారా అని దాలమ్మని అడిగాను. లెక్క ప్రకారమే అంది. ఒక్కో ఇంటికి ఏడు తిప్పులు, మా వరుసలో ఎనిమిది ఇళ్లు, ఎంతైతే అంత తిప్పుతారు. ఇన్నాళ్లూ తిప్పిన ముసలాయన దిగిపోయాక ఈ ఏడు అంతా జలగవాళ్లే చక్రం మీద ఉన్నారు, ఇక తప్పు రానే రాదట.

మా గోళ్లు నీలంగా కనిపిస్తున్నాయి. నా కళ్లే మసకేమో.

వంతు 223

ఇవాళ పిల్లని కొట్టాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఏడెనిమిదులు ఎంత అన్నాను. యాభై ఆరు అంది. కాదు, యాభై నాలుగు అన్నాను. ఏడేసి చిప్పలు ఎనిమిది వరుసలు పెట్టి చూపించింది. లెక్కపెడితే యాభై ఆరే వచ్చింది. రెండు చిప్పలు ఎక్కువ పెట్టావని చివరి వరుసలోంచి రెండు తీసి గంపలో పారేశాను.

“ఆకరి వరసకి అయిదే ఉన్నాయి సూడు” అంది.

నోర్ముయ్ అన్నాను. దాలమ్మని పిలిచి అడిగాను. యాభై నాలుగని ఠక్కున అంది. ఇంటికి వచ్చిన పక్కింటామె కూడా జలగమనిషే, ఆమెని అడిగాను, ఆమెదీ అదే మాట. ఇంతమంది ఒక్క మాట మీద ఉంటే ఇది మొండికేసింది. నలభై తొమ్మిదికి ఏడు కలిపితే ఎంత అమ్మమ్మా అని ఎదురడిగింది. పరీక్ష ఏడు వంతుల్లో ఉంది. జలగ అంటుకుంటుందన్న భయంతో చెయ్యి లేచిపోయింది. చెంప మీద నా నాలుగు వేళ్లూ తేలాయి.

నా మీద నాకే రోత పుట్టింది.

వంతు 226

బడిలో కూడా జలగ పంతుళ్లు యాభై నాలుగే చెప్పిస్తున్నారట. నెత్తురిచ్చే చురుకుపిల్ల ఒకర్తె యాభై ఆరని పాత పద్ధతిలో అన్నందుకు గుంజీలు తీయించారట. నూకరత్నం నాతో మాట్లాడటం లేదు. అన్నం దగ్గర మాత్రం నా కంచంలో చేపలు లెక్కపెట్టి చూసుకుంటోంది, వాళ్లమ్మ ఖాళీవి వడ్డించిందేమోనని.

వంతు 229

రేపే పరీక్ష. నిబంధన ఒకటుంది. తప్పితే అక్కడికక్కడే అంటించాలి, కాబట్టి తొట్టి మనిషి సీసాలో ఒక జలగని తెచ్చి సిద్ధంగా నిలబడాలి. తొట్టి మనిషిని నేనే.

చిన్నది ఏరాను. చిన్నదైతే నొప్పి తక్కువని. ఏరుతున్నంతసేపూ నా వేళ్ల చుట్టూ చుట్టుకుని మూతి వెతుక్కుంటూనే ఉంది. ఎంత కడిగినా ఆ జిగురు పోలేదు. ఆఖరికి వేళ్ల మీద ఉప్పు రుద్దాను. రేపు అవసరం పడొచ్చని చీర కొంగున కూడా కాస్త ముడేసుకున్నాను. దేనికి అవసరమో నాకే తెలీదు.

వంతు 230

జరిగింది జరిగినట్టు రాస్తాను. 

గాలిచక్రం గది గుమ్మంలో నూకరత్నం నిలబడింది. ఎదురుగా బల్ల వెనక త్రినాథరావు బాబు. లోపల దాలమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ చక్రం మీద. పక్కన నేను, చంకలో సీసా. గదిలో గాలి ఎంత పాడైపోయిందంటే, ఆవులించకుండా ఒక్కరూ లేరు. బాబే ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నోరు తెరుస్తున్నారు. నాకు ఆయన అంగిలి దాకా కనిపించింది.

పంతొమ్మిది ప్రశ్నలూ పిల్ల చెప్పింది. ప్రతిదానికీ కళ్లు పైకెత్తింది. కొన్నింటికి రెండు ఊపిరులు, కొన్నింటికి మూడు. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను.

ఇరవయ్యోది ఏడెనిమిదులు.

పిల్ల నాకేసి చూసింది. దాని చెంప చూశాను. నాకోసం యాభై నాలుగని చెప్పేస్తుందేమో అనుకున్నాను, చెప్పేయాలనే మొక్కుకున్నాను.

“యాభై ఆరు” అంది.

“తప్పు. యాభై నాలుగు” అన్నారు బాబు. చక్రం మీంచి ముగ్గురాడవాళ్లూ, అడక్కుండానే, ఒక్క గొంతుతో యాభై నాలుగన్నారు. అందులో దాని కన్నతల్లి గొంతు కూడా ఉంది.

బాబు నాకు సైగ చేశారు. సీసా మూత తీశాను. జలగ నా అరచేతిలోకి జారింది, చల్లగా, మెత్తగా. దాన్ని పట్టుకుని పిల్ల దగ్గరికి నడిచాను. చెవి వెనక వెంట్రుకలు పక్కకి తీశాను. దాని మెడ మీద నూగు, చెమట. నూకరత్నం ఏడవలేదు. నాకు మాత్రమే వినపడేలా అంది.

“అందరూ నీలాగే సెప్తన్నారేటి అమ్మమ్మా? మీ అందరికీ ఒకలే నేర్పేరా?”

చెయ్యి ఆగిపోయింది.

నాకు నేర్పింది మా బడి పంతులు. బెత్తం పట్టుకుని ఎక్కాలు కలగలిపి అడిగేవారు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు, ఏడెనిమిదులు… అక్కడ నేను ఎప్పుడూ తడబడేదాన్ని. దెబ్బ పడేలోపు ఏదో ఒకటి అనాలని ముందటిదే మళ్లీ అనేసేదాన్ని. ఒకరోజు ఆయన వినిపించుకోలేదు, దెబ్బ పడలేదు. అదే నాకు ఖాయమైపోయింది. గుమ్మం పరీక్షలో నన్ను అది అడగనేలేదు. చలిలో ఎనిమిది వంతులు తొట్టిలో చెయ్యి పెట్టి పైకి చదివింది అదే ఎక్కం. ఈ మంద తాగింది అదే నెత్తురు. దాలమ్మ నోట్లోంచి, పక్కింటామె నోట్లోంచి, బడి పిల్లల నోట్లోంచి, బాబు నోట్లోంచి ఊడిపడుతున్నది నా తప్పే.

అరచేతిలోది నా బొటనవేలి సందులో మూతి పెట్టి పీలుస్తోంది. ఇంటికొచ్చిన బిడ్డ అమ్మ దగ్గరికి చేరినట్టు. విదిలించి కొట్టాను. అది బాబు బల్ల మీద పడింది.

అప్పుడు అందరి ముందూ చెప్పేశాను. నా నెత్తురు సంగతి, ఎనిమిది వంతుల సంగతి, పంతులు సంగతి. బాబు నవ్వారు. ముసలితనం గవరమ్మా, వెళ్లి పడుకో అన్నారు. మనవరాలి కోసం అబద్ధమాడుతున్నానని అనుకున్నారు.

నేను ఇంటికి పరుగెత్తాను. పరుగంటే నా పరుగు. గంప తెచ్చి గుమ్మంలో బోర్లించాను. నూకరత్నం నేల మీద కూర్చుని ఏడేసి చిప్పలు వరుసలు పేర్చింది. ఒక్కో వరుసకీ ఒక్కో ఇంటి పేరు చెప్పింది. ఇది పోలమ్మత్తోళ్లది, ఇది కళాసీ తాతోళ్లది అని. ఎనిమిదో వరుస మాది. బాబు కిందికి వంగి, వేలితో తాకుతూ లెక్కపెట్టారు. యాభై నాలుగు దగ్గర ఆయన వేలు ఆగింది. ఇంకా రెండు చిప్పలు మిగిలాయి. ఆయన వాటికేసి చూశారు.  తర్వాత, మొన్న నేను చేసినట్టే, ఆ రెండూ తీసి పక్కన పెట్టారు.

“ఇవి ఎక్కువ వేశావు” అన్నారు.

నూకరత్నం మా వరుస చూపించింది.

“మరైతే మా ఇంటికి అయిదు తిప్పులేనేటి బాబూ? మా దీపం అందుకేనా మాడిపోతంది?”

 చక్రం కిర్రుమనడం ఆగింది. దాలమ్మ దిగి వచ్చింది. ఎనిమిదో వరుస ముందు చతికిలబడి అయిదు చిప్పలూ తడిమింది. దాని నోరు యాభై నాలుగు, యాభై నాలుగు అంటూనే ఉంది, వేళ్లు మాత్రం ఆ రెండు ఖాళీల దగ్గర తారాడుతున్నాయి. కూతురి గోళ్లు పట్టుకుని చూసింది. నీలం. అప్పుడు తన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, తనే పీకేసుకుంది.

ఆ చప్పుడు పదకొండేళ్లుగా వింటున్నాను. మొదటిసారి అసహ్యం వేయలేదు.

మెడ మీద నెత్తురు కారుతుండగానే పోయి చక్రం పట్టుకుంది. రెండు తిప్పులు తిప్పింది. ఇన్ని నెలల రెండేసి తిప్పుల బాకీ ఇంకా ఉందని నూకరత్నం అంటే, మిగతావాళ్లూ వచ్చి పట్టారు. కొంతసేపటికి గుమ్మం మీది దీపం నిటారుగా నిలబడింది.

త్రినాథరావు బాబు కదల్లేదు. ఏడెనిమిదులు, ఏడెనిమిదులు అని తనలో తనే అడుక్కుంటున్నారు, ప్రతిసారీ నోట్లోంచి అదే ఊడిపడుతోంది. కళ్ల ముందు చిప్పలున్నాయి, నోరు వినడం లేదు. ఆఖరికి పెదాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నా ముందు మెడ వంచారు.

“పీకమ్మా” అన్నారు.

కొంగున ముడేసిన ఉప్పు విప్పాను.

వంతు 231

తొట్టి మీద పని నాకిదే ఆఖరు. నా మీద విచారణ ఉంటుందట. ఉండనీ. మూడో వరుసలా మా వరుస పోయుంటే ఎవరిని విచారించేవాళ్లు. కొత్త జలగలు పెంచుదాం, ఈసారి మంచి నెత్తురుతో అని ఇద్దరు పెద్దలు అప్పుడే గొణుగుతున్నారు. చెవి వెనక పచ్చి పుండు పెట్టుకుని అదే మాట. ఉమ్మేయాలనిపించింది.

చక్రం గది నేల మీద ఎనిమిది వరుసల చిప్పలు సున్నంతో అతికించారు. ఒక్కో తిప్పుకీ ఒక్కో చిప్ప మీద అడుగు వేస్తూ తిప్పుతున్నారు. బడి పిల్లలకి వరుసలు పేర్చడం నూకరత్నం చూపిస్తోంది. దానికి ఏడెనిమిదులు ఇప్పటికీ నోటికి రాదు. అడిగితే కళ్లు పైకెత్తి, వరుసలు కోసుకుని, మూడు ఊపిరులకి చెబుతుంది. నేను పక్కన కూర్చుని రోజూ అడుగుతున్నాను, నా నోటికి పట్టిన తప్పు ఎప్పటికి వదులుతుందో అని.

పొద్దున తొట్టిలో ఉప్పు బస్తా గుమ్మరించాను. అన్నీ నల్లతాళ్లలా ముడుచుకున్నాయి. బయటికి తోడి, ముక్కు మూసుకుని, నూకరత్నం చెప్పినట్టు పదేసి చొప్పున వరుసలు పెట్టాను. ఇన్నాళ్లూ చూడకుండా నూట నలభై అని రాసుకొచ్చినవి, పదమూడు వరుసలూ, ఇంకో ఏడూ.

తొట్టిలో జలగలు లేవు. నీళ్ల రంగు తెలుపు. వాసన ఇంకా పోలేదు. మేత పెట్టలేదు. ఎక్కాలు చదవలేదు. గవరమ్మ.